ఎనిమిదో రోజు

ఎర్రచెలక, మర్రిగూడ దగ్గర
2 డిసెంబరు 1948

ఏసోబూ,

బాగున్నామని రాయడం అలవాటు కనుక ముందు అదే రాస్తున్నాను. మిలిటరీ వచ్చి మూడు నెలలు కావస్తోంది. రజాకార్ల భయం పోయింది. ఇప్పుడు క్యాంపు భయం పట్టుకుంది. నా కందిచేనుకు నేను పోవాలన్నా క్యాంపు వాళ్ళ చీటీ కావాలి. ఉత్తరాలు కూడా విప్పి చూస్తున్నారట. అందుకని ఇది చదివే జమేదారు గారికి కూడా నా నమస్కారం.

మా ఊరికి మశూచి టీకాలు వేయడానికి నువ్వే వస్తున్నావని సర్కారు కాగితం వచ్చింది. నల్లగొండ మిషన్ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం, పదకొండేళ్ళ తరువాత ఇట్లా కలుస్తామని అనుకోలేదు. సంతోషించినవాణ్ణి నేనొక్కణ్ణే. ఊరంతా హడలిపోతోంది. చదువుకున్నవాణ్ణని అందరూ వచ్చి నన్నే అడుగుతున్నారు, నాకేమో ఒక్కదానికీ జవాబు తెలియదు.

మా అమ్మ గోవిందమ్మ అడిగింది: "వచ్చే తల్లిని రాకుండ చేస్తే తల్లికి కోపం రాదారా?" నా భార్య కృష్ణమ్మకు మా సుగుణ గురించే బెంగ. నాలుగేళ్ళ పిల్ల. జ్వరం వస్తుందా, ఎన్నాళ్ళుంటుంది అని అడుగుతోంది. ఒకసారి తల్లి పోసి బతికినవాళ్ళకు మళ్ళీ వేయాలా? చిన్నప్పుడు వేసుకున్నవాళ్ళకు? కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు? మందు ఆవును చంపి తీస్తారట, నిజమేనా? టీకా పేరు చెప్పి ఇంట్లో మొగవాళ్ళు ఎంతమందో లెక్క రాసుకుని క్యాంపుకు ఇస్తారట కదా? గొర్రెలు కాసే అంజన్న అయితే, "మా గొర్లకు గూడ ఎస్తడా, ఆటికీ తల్లి పోస్తది" అన్నాడు.

అన్నిటికీ జవాబు రాయి. అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపిస్తాను.

అమరేందర్

---

నల్లగొండ
9 డిసెంబరు 1948

అమరేందర్‌కు,

పదకొండేళ్ళ తరువాత ఉత్తరం రాశావు. అందులో ఆవు గురించి అడిగావు, గొర్రెల గురించి అడిగావు, ఏసోబు ఎట్లున్నాడని మాత్రం అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. స్టేషను రోడ్డులో ఒక గది కిరాయికి తీసుకున్నాను. నెలలో ఇరవై రోజులు ఊళ్ళ మీద ఉంటాను. ఏ ఊళ్ళోనైనా నన్ను చూడగానే పిల్లలు ఏడుస్తారు, తల్లులు తలుపులు వేసుకుంటారు. ఇట్లా ఇంతమంది పారిపోయే మనిషి జిల్లాలో నేనూ, పన్ను వసూలు చేసే గిర్దావరూ ఇద్దరమే.

ఇక నీ ఊరి ప్రశ్నలు. ఏడో రోజుకో ఎనిమిదో రోజుకో కొంచెం జ్వరం వస్తుంది, చంకలో చిన్న గడ్డ కట్టవచ్చు, రెండు రోజుల్లో పోతుంది. కృష్ణమ్మ గారిని ఫికరు పడవద్దని చెప్పు. మశూచి వచ్చి బతికినవాళ్ళకు తొందర లేదు. చిన్నప్పుడు వేసుకున్నవాళ్ళు మళ్ళీ వేసుకోవాలి, ఏళ్ళు గడిచేకొద్దీ మందు బలం తగ్గుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళకు ఊళ్ళో మశూచి ఉంటేనే వేస్తాను, లేకపోతే కాన్పు అయ్యాక. మందు దూడ కడుపు మీద పెంచుతారు, దాన్ని చంపనవసరం లేదు. మొగవాళ్ళ లెక్క నాకెందుకు, నేను రాసుకునేది పిల్లల పేర్లే. గొర్రెలకు నా మందు పనికిరాదు, అంజన్నకు నా సానుభూతి.

తల్లికి కోపం వస్తుందా అంటే నాకు తెలియదు. మా చెల్లెలు మశూచితో పోయింది. పోయేనాటికి దాని మొహం నేను గుర్తుపట్టలేకపోయాను. అప్పటినుంచి కోపం సంగతి ఆలోచించడం మానేశాను.

ఒక్క మాట మాత్రం రెండుసార్లు చదివి వినిపించు. టీకా వేశాక చెయ్యి గాలికి ఆరాలి. ఆ రోజూ మరునాడూ నీళ్ళు తగలకూడదు. పసుపు, వేపాకు, బూడిద, పేడ, మీకు ఏది మంచిదనిపిస్తే అది రాయకండి. ఎనిమిదో రోజు నేను మళ్ళీ వచ్చి చూస్తాను. గాటు చోట పొక్కు లేస్తే మందు పట్టినట్టు. లేవకపోతే వేయనట్టే లెక్క, మళ్ళీ వేయాలి.

ఊళ్ళో అందరి ముందూ నిన్ను పటేలా అంటాను. నవ్వకు. కాగితం మీద మాత్రం అమరేందర్‌వే.

ఏసోబు

---

నార్కట్‌పల్లి
21 డిసెంబరు 1948

అమరేందర్,

మీ ఊరు మంచి ఊరు. శనివారం ఒక్కరోజులో యాభై ముగ్గురికి వేశాను. ఊళ్ళో ముప్పై ఒకరు, మాలవాడలో ఇరవై ఇద్దరు. మాలవాడలో మంత్రసాని నర్సింగమ్మ లేకపోతే నా పని అయ్యేది కాదు. దాక్కున్న పిల్లలను గుంజుకొచ్చి, "నిన్ను బయటికి తీసినప్పుడే ఏడిస్తివి, ఇప్పుడెందుకురా" అని తిట్టి కూర్చోబెట్టింది. మీ సుగుణ ఏడవలేదు. టీకా గాటు పెట్టే నా చక్రం పళ్ళను వేలితో ముట్టుకోబోయి, "ఇది ఎవరిని కరుస్తది?" అని అడిగింది. నిన్నే అన్నాను. చెయ్యి చాపింది.

మీ కొట్టంలో ఎడ్ల పక్కన కూర్చుని తిన్న జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర ఇంకా నోట్లోనే ఉన్నాయి. మీ అమ్మ గారు దూరంగా నిలబడి, "కడుపు నిండ తిను బిడ్డా, ఎంత చిక్కినవో" అన్నారు. నన్ను అట్లా అన్నవాళ్ళు లేక చాలా రోజులైంది.

ఇప్పుడు ఇబ్బంది చెప్తాను. వాగు మీద వంతెన ఎవరో కూల్చారట. క్యాంపు వాళ్ళు పదిహేను రోజులు మీ వైపు దారి మూసేశారు. నన్ను నార్కట్‌పల్లి కూడలిలో బస్సులు ఆపి టీకాలు వేయమన్నారు. ఎనిమిదో రోజు, అంటే 25న, నేను రాలేను. నా బదులు నువ్వు చూడాలి. ప్రతి పిల్ల చెయ్యీ చూడు. ఎందరికి పొక్కు లేచింది, ఎందరికి లేవలేదు, ఉన్నది ఉన్నట్టు రాయి. లేవనివాళ్ళ కోసం మందు విడిగా దాచి ఉంచాను. దారి తెరవగానే వస్తాను.

25 మా పండుగ. ఇక్కడ సరాయిలో నేను, ఒక లారీ డ్రైవరు ఉన్నాం. అతనిది వేరే మతం. అయినా పండుగని చెప్తే చాయ్ తాగిస్తానన్నాడు.

ఏసోబు

---

ఎర్రచెలక
27 డిసెంబరు 1948

ఏసోబూ,

నీ ఉత్తరం అందింది. చెప్పినట్టే అందరి చేతులూ చూశాను. అందరికీ లేచాయి. యాభై ముగ్గురికీ. నువ్వు మళ్ళీ ఇంత దూరం రావలసిన పని లేదు.

కందులు ఇంటికొచ్చాయి. చలి ఎక్కువగా ఉంది. అమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది. పండుగ బాగా జరిగిందనుకుంటాను.

అమరేందర్

---

నార్కట్‌పల్లి
8 జనవరి 1949

అమరేందర్,

యాభై మూడుకు యాభై మూడు! మా పెద్ద డాక్టరు గారు రిజిస్టరు చూసి, "ఇదేం లెక్కయ్యా, నేనెప్పుడూ వినలేదు" అన్నారు. అక్కడ చదువుకున్న మిత్రుడున్నాడండీ అన్నాను. ఆ మాట అందరి ముందూ అనడం నాకు బాగుంది. ఒకటికి రెండుసార్లు అన్నాను.

మీ ఊరికని దాచిన మందు హుజూర్‌నగర్ వైపు పంపేశాను. కృష్ణా నది అవతలికి పారిపోయిన జనం తిరిగి వస్తున్నారు, వాళ్ళతో మశూచి కూడా వస్తోందట. మీ ఊరికి ఇక భయం లేదు. రాత్రి పడుకునే ముందు, ఎక్కడెక్కడ పిల్లలు పదిలంగా ఉన్నారో ఒక్కొక్క ఊరి పేరే అనుకుంటాను. మొదట ఎర్రచెలక అనుకుంటాను.

ఎండాకాలంలో సెలవు పెట్టి, చక్రం లేకుండా, ఊరికే మీ ఊరు రావాలని ఉంది. రావచ్చునా? నీ ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. ఈసారి జర పెద్దది రాయి.

ఏసోబు

---

ఎర్రచెలక
20 మార్చి 1949

ఏసోబూ,

ఈ ఉత్తరం అంజన్న చేతికిచ్చి పంపుతున్నాను. క్యాంపు వాళ్ళు విప్పకూడదు. నువ్వు రాయమన్న పెద్ద ఉత్తరం ఇదే. జనవరి నుంచి రాయలేక ఊరుకున్నాను.

ఊళ్ళో తల్లి పోసింది. హుజూర్‌నగర్ అంగడికి పోయి వచ్చిన ఒకాయనతో మొదలైంది. ఇప్పుడు తొమ్మిది మంది పిల్లలు పడుకుని ఉన్నారు. మా సుగుణ కూడా. ఐదు రోజులైంది. కళ్ళు విప్పలేకపోతోంది.

ఏసోబూ, నేను అబద్ధం రాశాను. ఎనిమిదో రోజు పొక్కులు లేచింది మాలవాడలో ఇరవై ఇద్దరికే. ఊళ్ళో ముప్పై ఒకరిలో ఒక్కరికీ లేవలేదు.

ఆ శనివారం నేను నిన్ను పొలిమేర దాకా సాగనంపి ఇంటికి వచ్చేసరికి మా బావి దగ్గర పిల్లలందరూ తడిసి వణుకుతూ నిలబడి ఉన్నారు. అమ్మ ఒక్కొక్కరి తల మీద పసుపునీళ్ళు పోసి, చేతులు రుద్దుతోంది. నీ ఉత్తరం ఆమెకు రెండుసార్లు చదివాను. అదేమిటమ్మా అంటే, "నీళ్లు తగలొద్దన్నడు గని, గివి మైల పోగొట్టె నీళ్లు గదరా. వాడు ముట్టె, పొయ్యకపోతె ఎట్ల?" అంది. ఆమె లెక్కలో అవి నీళ్ళే కావు. మంచి మనసుతోనే పోసింది.

అప్పటికి నువ్వు ఇంకా కోసు దూరం కూడా పోయి ఉండవు. పరుగెత్తి పిలవవచ్చు. పిలిస్తే ఏమని చెప్పను? నువ్వు ముట్టుకున్నావని మా అమ్మ కడిగేసిందని నీ మొహం చూసి ఎట్లా చెప్పను? రెండేళ్ళ కింద సంఘం సభలో గుతప కర్ర భుజాన పెట్టుకుని, మనుషులంతా ఒకటేనని గొంతు చించుకున్నవాణ్ణి నేను. సిగ్గేసింది. నీ మనసు నొప్పించడం ఎందుకని, లేచాయని రాశాను. నీకు మంచి చేస్తున్నాననే అనుకున్నాను.

ఇంకొక సంగతి. తల్లి ఊరిమీద పడింది గాని మాలవాడలో ఒక్క పిల్లకూ రాలేదు. దాంతో పెద్దమనుషులు గుసగుసలు మొదలుపెట్టారు. "వాళ్ల పోరలకు రాకపాయె, మన పోరలకే ఎందుకొచ్చె? ఆ టీకలోడు, నర్సింగమ్మ కలిసి బాణామతి చేసిన్రు" అని సాయిలు పెద్ద పటేలు అంటున్నాడు. గురువారం కచేరి గద్దె దగ్గర కూర్చుంటారట. మంత్రం నోట పలకకుండా నర్సింగమ్మ పళ్ళు పీకి ఊరి నుంచి వెళ్ళగొట్టాలని మాట. మా సుగుణకు బొడ్డు కోసిన మనిషి.

మిగిలిన పిల్లలకైనా మందు వేయి. వెంటనే రా. వచ్చినప్పుడు నీళ్ళ సంగతి మాత్రం ఎవరితోనూ అనకు. అమ్మ పేరు బయటికి వస్తే ఆమె బతకదు.

అమరేందర్

---

నల్లగొండ
23 మార్చి 1949

అమరేందర్,

ముందు పిల్ల సంగతి. సుగుణ కళ్ళను కాచి చల్లార్చిన నీళ్ళలో గుడ్డ ముంచి తుడుస్తూ ఉండండి. గోళ్ళు తీసేయండి, గోకకుండా చేతులకు మెత్తటి గుడ్డ చుట్టండి. గంజి, పాలు, మజ్జిగ, ఏది తాగితే అది పట్టండి. చీకటి గదిలో పెట్టండి కాని గాలి ఆడనివ్వండి. ఇదివరకు మశూచి వచ్చి బతికినవాళ్ళే దగ్గర ఉండాలి. వచ్చిన మశూచికి మందు లేదు. ఉంటే నడిచి తెచ్చేవాణ్ణి.

ఇప్పుడు నా సంగతి. ఆ రోజు పొలిమేర దాటి గట్టెక్కాక నేను వెనక్కి తిరిగి చూశాను. మీ బావి దగ్గర పిల్లల వరస కనబడింది. చేద పైకి లేవడం కనబడింది. ఎందుకు పోస్తున్నారో నాకు తెలియక కాదు. ఇది నాకు కొత్త కాదు. మా ఊళ్ళో నా నీడ పడిన కుండను కూడా పగలగొట్టారు.

దిగి వచ్చి, "అమ్మా, మీరు కడిగేది నన్ను కాదు, మందును" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేకపోయాను. నిండా తిని, బిడ్డా అనిపించుకుని, ఆ కడుపుతో తిరిగి వచ్చి ఆ మాట అనడం నా వల్ల కాలేదు. ఎనిమిదో రోజు చూసి, లేవనివాళ్ళకు మళ్ళీ వేసి, ఏమీ ఎరగనట్టు సర్దుకుందామనుకున్నాను. దారి మూశారు. నీ ఉత్తరం వచ్చింది. అబద్ధమని చదవగానే తెలిసింది. అయినా నమ్మాను. బహుశా నీళ్ళు గాటుకు తగలలేదేమో, మందు పట్టిందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. యాభై మూడు అని రిజిస్టరులో రాసి, మీకోసం దాచిన మందు చేతులారా పంపేశాను. నువ్వు నా కోసం అబద్ధమాడావు, నేను నీ కోసం దాన్ని నమ్మాను. మన మర్యాదకు మూల్యం ఆ పిల్ల కడుతోంది.

నేను రావడం లేదు. అంజన్న వెంట గురవయ్యను పంపుతున్నాను. టీకాల పనిలో నాతోటివాడే, కాపు కులం. అతను ముట్టుకుంటే ఎవరూ నీళ్ళు పోయరు. పిల్లలకు కావలసింది మందు, నా చెయ్యి కాదు. నా చెయ్యి సంగతి తరువాత.

నీళ్ళ మాట అనవద్దన్నావు. అనవలసింది నేను కాదు, నువ్వే. గురువారం గద్దె దగ్గర నిలబడి నువ్వు చెప్పకపోతే నర్సింగమ్మ పళ్ళు ఊడతాయి. అప్పుడు నాకు మళ్ళీ ఉత్తరం రాయకు. రాసినా విప్పను.

ఏసోబు

---

ఎర్రచెలక
28 మార్చి 1949

ఏసోబూ,

విప్పుతావనే ఆశతో రాస్తున్నాను. గురవయ్య చేతికే ఇస్తున్నాను.

గురువారం గద్దె దగ్గరికి పోయాను. నర్సింగమ్మను వేపచెట్టుకు కట్టి కూర్చోబెట్టారు. పట్టకారు తెప్పించారు. "నీళ్లు పోసింది మా ఇంట్లనే. లేచినయని అబద్ధం రాసింది నేను" అన్నాను. ఎవరూ నమ్మలేదు. మాలోళ్ళ మీద జాలితో నేనే కల్పిస్తున్నానన్నారు. అప్పుడు పిల్లల చేతులు చూడమన్నాను. మాలవాడ పిల్లలను పిలిపించి దూరంగా నిలబెట్టాను. ఇరవై రెండు చేతుల మీదా మచ్చలున్నాయి. మా వైపు నడవగలిగిన పిల్లలను నిలబెట్టాను. ఒక్క చేతి మీదా మచ్చ లేదు. సాయిలు పెద్ద పటేలు తన మనవడి చెయ్యి ఎండలోకి తిప్పి, తిప్పి చూశాడు. తరువాత లేచి ఇంటికి పోయాడు. నర్సింగమ్మ కట్లు అంజన్న విప్పాడు. పళ్ళు పదిలంగానే ఉన్నాయి. నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

మరునాడు గురవయ్య మా అరుగు మీద కూర్చుని ఇంకా తల్లి పోయని పిల్లలందరికీ వేశాడు. మా ఇంట్లోనే తిన్నాడు. మంచివాడు. ఎవరూ నీళ్ళు పోయలేదు.

సుగుణ నిన్న తెల్లవారుజామున పోయింది.

అమ్మ ఏడవలేదు. నన్ను పిలిచింది. "నీళ్లు పోసింది నేనే. ఒప్పుకుంట. నేను సదువురానిదాన్ని. ఎనిమిదోనాడు నువ్వు చెయ్యి చూసినవు గదా, మచ్చ లేకపాయె గదా. ఆ దినం నాకు చెప్తె, నేనే నడిచిపోయి వాని కాళ్లు పట్టుకొని తెద్దును. నన్ను సూసి దాస్తివా, వాన్ని సూసి దాస్తివారా?" అంది. ఎవరిని చూసి దాచానో నాకే తెలియదు. నన్ను చూసుకునే దాచి ఉంటాను.

కృష్ణమ్మ నాతో మాట్లాడటం లేదు. పల్లెం ముందు పెట్టి పోతుంది. ఊళ్ళో ఇటు మేము, అటు నర్సింగమ్మ, అందరికీ దూరమయ్యాం. ఈ బాధ చెప్పుకోవడానికి నాకు ఉన్నది నువ్వొక్కడివే, నీకూ చెప్పుకునే మొహం లేదు. గురవయ్యకు వేరే ఊళ్ళు పడ్డాయట. ఎనిమిదో రోజు ఎవరు వస్తారో తెలియదన్నాడు. ఎవరూ రాకపోతే నేనే చూసి రాస్తాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నమ్ముతావా?

అమరేందర్

---

నల్లగొండ
30 మార్చి 1949

అమరేందర్,

ఉత్తరం విప్పాను. సుగుణ సంగతి ముందే గురవయ్య నోట విన్నాను. ఆ రాత్రి ఊళ్ళ పేర్లు అనుకోవడం నా వల్ల కాలేదు. నిన్ను ఓదార్చడానికి నాకు అర్హత లేదు. సగం పాపం నాది.

రిజిస్టరులో యాభై మూడు కొట్టేసి ఇరవై రెండు అని దిద్దాను. పక్కన కారణం రాసే గడి ఒకటి ఉంటుంది. మా పెద్ద డాక్టరు గారి ముందే రెండుసార్లు రాసి కొట్టేశాను. చివరకు 'నీళ్ళు తగిలినవి' అని రాశాను. ఆయన సంజాయిషీ అడిగారు. చూసి కూడా చెప్పలేదని రాసిచ్చాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో వైశాఖంలో తెలుస్తుంది. అందాకా చక్రం నా దగ్గరే ఉంటుంది.

నువ్వు చూసి రాయనక్కరలేదు. నమ్మక కాదు, ఒకరి బదులు ఒకరం చూసుకోవడం ఇక చాలు. మీ ఊరి పని నేనే అడిగి తీసుకున్నాను. శుక్రవారం ఎనిమిదో రోజు. పొద్దెక్కేసరికి వస్తాను. పిల్లలను మీ అరుగు మీదే కూర్చోబెట్టు. ఒక్కొక్క చెయ్యీ పట్టుకుని, నొక్కి, వెలుగులోకి తిప్పి చూస్తాను. మీ అమ్మ గారిని కూడా దగ్గర ఉండమను. కొట్టంలో నాకు తిండి పెట్టవద్దు, చూసుకుని వెళ్ళిపోతాను.

నేను పోయాక ఎవరైనా పిల్లలకు నీళ్ళు పోయాలనుకుంటే పోయనీ. ఎనిమిదో రోజుకు మందు పట్టి ఉంటుంది. ఇక కడిగినా పోదు.

ఏసోబు